సెకన్లు లేని గడియారం

రాత్రి పదకొండు దాటాక
మెద్లాంకీ ట్రామ్ డిపోలో ఫోన్లు కునుకు తీస్తాయి.
ఆ సందు చూసుకుని
ఎవరూ వాడని మూల కంప్యూటర్లో
కొత్త సిస్టమ్ మచ్చు ఎక్కించాను.
"ఎవరైనా వాడి చూసి చెప్పండి" అంది పై ఆఫీసు.
ఎవరూ చెయ్యెత్తలేదు.
నేను తల గోక్కున్నాను.
దాన్నే చెయ్యెత్తడం అనుకున్నారు.

నలభై నిమిషాలు.
నీలం చక్రం తిరిగింది, ఆగింది, మళ్ళీ తిరిగింది.
కిటికీ అవతల మంచు తోసే బండీ అంతే.
తర్వాత స్క్రీన్ తెల్లారింది.
"హలో" అంది.
ఇరవై రెండేళ్ళుగా ఈ గదిలో
నాకంటే ముందు నన్ను పలకరించింది అదొక్కటే.

అందంగానే ఉంది, అబద్ధమెందుకు.
మూలలన్నీ అరగదీశారు, ఏటి గులకరాళ్ళలా.
ఒక కిటికీ వెనక ఇంకో కిటికీ
ఆవిరి పట్టిన అద్దంలోంచి వంటగదిలా కనపడుతుంది.
ఎడమ మూల ఒదిగి ఉండే బటన్
నడిమధ్యకొచ్చి కూర్చుంది,
గ్రూపు ఫొటోలో కొత్త మేనేజరులా.

ఈ సంగతి నా చేతికి ఎవరూ చెప్పలేదు.
అది పాత మూలకే పోతుంది.
ఒకసారి. రెండోసారి. ఏడోసారి.
అక్కడ నొక్కితే వాతావరణం చెబుతారు:
మైనస్ నాలుగు, మబ్బు.
తెలుసమ్మా,
నా బూట్లు ఇంకా ఆరలేదు.

పట్టాల మెకానిక్ క్విడో టీ పట్టుకొచ్చాడు.
"సున్నం వేసిన గోడలా ఉందే!
చెత్తబుట్ట ఏది?"
ఇద్దరం వెతికాం, తాళంచెవి పోయిన వాళ్ళలా.
మూడో పొరలో దొరికింది. ఖాళీ.
"మనమింకా ఏ తప్పూ చెయ్యలేదు," అన్నాడు,
"ఇందులో వెయ్యడానికి."

అప్పుడు చూశాను, కుడివైపు కింద.
00:47.
అంతే.
సెకన్లు లేవు.

నిమిషం మీకు చిటికెడు.
నాకది అరవై గదుల మేడ.
ఏ గదిలో ఏ బండి ఉందో అడిగిన వెంటనే చెప్పాలి.
పొద్దున స్టేషన్ ముందు
నాలుగో నంబరు పట్టాలు దాటేది పదిహేనో సెకనుకి,
ఒకటో నంబరు నలభయ్యో సెకనుకి.
మధ్యలో మిగిలిన ఆ ఇరవై అయిదింట్లోంచే
బడిపిల్లలు, నర్సులు, బ్రెడ్డు సంచులు
అవతలి గట్టుకి చేరేది.

సెట్టింగులన్నీ తిరగేశాను.
నీలాలు పదహారు రకాలున్నాయి.
సెకను ఒక్కటీ లేదు.

అభిప్రాయం చెప్పే చోట అయిదు మొహాలు,
ఏడుపు నుంచి నవ్వు దాకా.
నా మొహం వాటిలో లేదు.
రాశాను:
"నా పేరు ద్రాహోమీరా. డిస్పాచర్ని.
అందంగా ఉంది.
కానీ నిమిషం లోపల మనుషులుంటారు.
సెకన్లు తిరిగివ్వండి."
రెప్పపాటులో జవాబొచ్చింది:
"మీ అభిప్రాయం మాకెంతో విలువైనది."

రెప్పపాటులో!
అంటే వాళ్ళ దగ్గర సెకన్లున్నాయన్నమాట.
మాకివ్వకుండా దాచుకున్నారంతే.

తెర అడుగున లేత అక్షరాలు:
ఇది మచ్చు ప్రతి. గడువు ముప్పై రోజులు.
క్విడో కళ్ళద్దాలు పైకెత్తి చదివాడు,
తన మోకాలు నిమురుకున్నాడు.
"నా మీద కూడా ఎక్కడో రాసే ఉంటుంది,"
అన్నాడు, "నాకు కనపడని చోట."
టీ చల్లారింది. తాగేశాం.

నాలుగున్నరకి నా పాత కంప్యూటర్ దగ్గరకి వచ్చాను.
పసుపు పట్టిన కీబోర్డు, పలుచోట్ల అరిగిన మూలలు,
గడియారంలో సెకన్లు
చీమల్లా వరసగా పోతున్నాయి.
హమ్మయ్య అనుకుని మౌస్ కదిపానో లేదో
నా చెయ్యి నడిమధ్యకి పోయింది.

అక్కడ ఏమీ లేదు.

ఒక్క రాత్రికే అమ్ముడుపోయావా అని దాన్నడిగాను.
బయట మొదటి బండి గంట కొట్టింది.
పద్నాలుగో సెకను.
ఒకటి ముందు.